అవ్వ గొంగడి నా ఒంటికి పడలేదు

ఆ రోజు అవ్వ నాకు జడ వేస్తూ వేస్తూ ఆగిపోయింది. దువ్వెన నిండా వెంట్రుకలు. మెడ వెనక చర్మం కందిపోయి రసి కారుతోంది. దురద కొన్నాళ్లుగా ఉంది గానీ, వానాకాలం కదా, ఏ పురుగో పాకి ఉంటుందనుకుని గోక్కుంటూ ఊరుకున్నాను.

"ఏమాయెనే మల్లీ, గింత పుండయినా చెప్పవైతివి?" అంది అవ్వ.

మాది మక్తల్ దగ్గర చిన్న పల్లె. గొర్ల కాపరులం. అమ్మ నా చిన్నప్పుడే పోతే అవ్వే పెంచింది. బాపు మందతో తిరిగేవాడు, అవ్వా నేనూ ఇంట్లో ఉన్ని వడికేవాళ్లం. మా ఇళ్లలో పుట్టిన పిల్లను గొంగడి మీదే పడుకోబెడతారు, పెళ్లికూతుర్ని గొంగడి మీదే కూర్చోబెడతారు, జ్వరమొస్తే గొంగడే కప్పుతారు. అందుకే అవ్వకు తోచిన వైద్యం కూడా అదే. చింతగింజల గంజి పట్టించిన కొత్త నల్ల గొంగడి తీసి నా తల మీదుగా కప్పింది.

"చెమట పడితే గా విషమంతా దిగుతది బిడ్డా."

బుద్ధిగా ముసుగు పెట్టుకుని పడుకున్నాను. దిగడం దేవుడెరుగు, అది చేతులదాకా పాకింది. నుదుటి పైన జుట్టు పలచబడింది. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. కుష్టు అని ఎవరూ అనలేదు, పెద్దరోగం అన్నారు. బావి దగ్గర నన్ను చూడగానే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవారు. అదే రోగమని తేలితే ఊరవతల గుడిసె వేసి అందులో ఉంచుతారని నాకు తెలుసు. అన్నం సహించేది కాదు. చచ్చిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

బాపు మందను తన తమ్ముడికి అప్పజెప్పి నన్ను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరు సారు నన్ను కళ్లు మూసుకోమని, దూదిపోగుతో ఒళ్లంతా తాకుతూ "ఎక్కడ తాకానో చెప్పు" అన్నాడు. అన్నీ సరిగ్గా చెప్పాను. మచ్చలన్నీ మళ్లీ మళ్లీ చూశాడు. సూదితో చిన్నగా గుచ్చితే కెవ్వుమన్నాను. ఆయన నవ్వాడు.

"స్పర్శ బాగుంది. ఇది కుష్టు కాదు. ఫికర్ చేయకండి."

బాపు గోడకు చేరగిలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

వార్డులో చేర్చుకున్నారు. కాలమైన్ లోషన్, మాత్రలు, కింద తెల్లటి నూలు దుప్పటి. పుండ్లు త్వరగానే ఆరాయి. సంబరంగా ఇంటికొచ్చి మళ్లీ ఉన్ని ముందేసుకుని కూర్చున్నాను. వారం తిరగకుండానే మొత్తం తిరగబెట్టింది. ఊరి నోళ్లు మళ్లీ లేచాయి. మళ్లీ బస్సు, మళ్లీ దవాఖాన.

ఈసారీ తగ్గుముఖం పట్టింది. అంతలో అవ్వ నన్ను చూడటానికొచ్చింది, చంకలో గొంగడితో.

"గీ పలుచని గుడ్డ మీద పిల్లకు నిద్రెట్ల పడతది?" అంటూ పరిచింది. ఇంటివాసన తగిలి నాకూ ప్రాణం లేచొచ్చింది. రెండురోజుల్లో మెడ, వీపు భగ్గుమన్నాయి.

రౌండుకొచ్చిన డాక్టరు కేసుషీటు పక్కన పెట్టి, "మొన్నటిదాకా బాగుంది కదా, ఏం మారింది?" అన్నాడు. ఆయన చూపు మంచం మీద ఆగింది. గొంగడి అంచు నుంచి చిన్న ముక్క అడిగి తీసుకుని నా ఒక చేతికి అంటించి కట్టించాడు. రెండో చేతికి నూలుగుడ్డ. దాన్ని ప్యాచ్ టెస్ట్ అంటారట. రెండు రోజులయ్యాక కట్టు విప్పితే గొంగడి ముక్క కింద చర్మం పొంగి ఎర్రగా ఉంది. రెండో చెయ్యి శుభ్రంగా ఉంది.

"కాంటాక్ట్ డెర్మటైటిస్. ఉన్ని ఈ అమ్మాయికి పడదు."

అవ్వ గయ్యిమంది. "తాతల కాడికెళ్లి కప్పుకుంటున్నం సారూ! నా చేతితోని వడికిన గొంగడి నా పిల్లకే కీడు జేస్తదా?"

"గొంగడి తప్పు కాదవ్వా. ఈ పిల్ల చర్మం తీరు వేరు, ఇన్నాళ్లూ ఓర్చుకున్నా ఇప్పుడు ఓర్చుకోవడం లేదు. మెత్తటి నూలుబట్టలే వేయండి. జుట్టు కుదుళ్లు బాగానే ఉన్నాయి, మళ్లీ వస్తుంది."

తగ్గి ఇంటికి వెళ్తుంటే, బస్సులో అవ్వ గొంగడిని నాకు తగలకుండా తన అవతలి పక్కన పెట్టుకుంది. ఆమె చేతి పనే నాకు పడకుండా పోయిందే అని నాకు గుండె తరుక్కుపోయింది. ఇల్లు చేరాక అవ్వ పెట్టె తెరిచి తన పాతచీరలు, మా అమ్మది దాచిన చీర ఒకటి బయటికి తీసింది. పుట్టి బుద్ధెరిగాక ఉన్ని తప్ప ముట్టని మనిషి, సూది పట్టి బొంత కుట్టింది.

"కుట్లు గొర్లు నడిచినట్లున్నయ్ అవ్వా" అన్నాను.

"నోరు మూసుకొని పండుకో."

ఉన్ని పని మాని, మధ్యలో ఆపేసిన బడికి మళ్లీ వెళ్లాను. జుట్టు మెల్లగా వచ్చింది. పెళ్లినాడు పెద్దలు గొంగడి కావాల్సిందే అని పట్టుబట్టారు. అవ్వ గొంగడి పరిచి, దాని మీద బొంత వేసి, "మీ ఆచారం కింద, నా పిల్ల మీద" అంది. పెద్దలు అక్షింతలు చేతిలోకి తీసుకున్నారు.

ఇప్పుడు బాలవాడిలో పిల్లలకు చదువు చెబుతున్నాను. జడ నడుము దాటింది. నేను చెప్పేది ఒకటే. దురద పోకపోతే డాక్టరుకు చూపించుకోండి, కానీ ఒంటి మీదా ఒంటి కిందా ఏ బట్ట ఉందో కూడా ఆయనకు చెప్పండి.

మక్తల్ సంతకు ఇప్పుడు నైలాన్ చీరలొస్తున్నాయి. అవ్వ కొనేవాళ్లను ఆపి, "ముందుగాల మోచేతి మడతల జర కట్టి సూడుండ్రి" అంటుంది. తన గొంగళ్లు కొనవచ్చినవాళ్లకూ అదే మాట చెప్పి, ముక్క కోసిస్తుంది. బాపు తల పట్టుకుంటాడు.