చీపురు మరవని సర్వేయరు

డ్రోన్‌తో మ్యాపులు తీసే కాంట్రాక్టు పనిలో నాకు జోడీ ఆయన. డ్రోన్ పెట్టె మరిచిపోయినా పోతాడేమో గానీ చీపురు మాత్రం మరిచేవాడు కాదు. పైనుంచి ఫొటోల్లో కనపడాలని నేల మీద సున్నంతో ప్లస్ గుర్తులు వేస్తాం. పని అవగానే వాటిని తనే కడిగేసేవాడు. ఎందుకంత శ్రమ అని అడిగాను.

"ఇంటి ముందు సర్వేవోళ్ల గుర్తు కనపడితే, ఇల్లు పడగొట్టేత్తారని జనాలకి నిద్దరట్టదు బావ."

ఒకసారి భీమిలి దగ్గర మత్స్యకారుల పేటలో సాయంత్రం గుర్తులు వేసి వచ్చాం. పొద్దున్న వెళ్లేసరికి ఒక ఇంటి ముందు గుర్తు చుట్టూ చక్కటి ముగ్గు ఉంది. ఎవరో ముగ్గు సగంలో వదిలేశారనుకుని, ఆ ఇంటి ముసలమ్మ పూర్తి చేసిందట. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన మాత్రం వంగి చూసి, "నడిమి గీతలు అలాగే ఉన్నాయి, సాలు" అంటూ డ్రోన్ లేపాడు.

పనయ్యాక గుర్తులన్నీ వరసగా కడుగుతూ ఆ గుమ్మం ముందుకి వచ్చాడు. ముసలమ్మ అడ్డంగా నిలబడింది.

"ఏటి బాబూ, నా ముగ్గు సెరిపేత్తావా?"

ఆయన నవ్వి, చీపురు చంకలో పెట్టుకున్నాడు.

"లేదమ్మా. నాను మా గుర్తులే కడుగుతాను. ఇది నీది."