రెండో గుండీ

వీధి చివర మేడ కింద గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడను అందరూ గుండీలత్త అంటారు. అసలు పేరు అడిగితే ఆవిడే ఒక్క క్షణం ఆలోచిస్తుంది. మిషన్ పక్కన బిస్కెట్ల డబ్బాలో చుట్టుపక్కల బళ్ళన్నిటి గుండీలూ ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ పని ఒకటే: పిల్లల యూనిఫాంలు కుట్టడం, చిరిగితే అతుకు వెయ్యడం, పిల్లలు ఎదిగితే అంచు విప్పి పొడుగు చెయ్యడం. తను చదివింది ఐదో క్లాసు. అయినా పిల్లను ఏ బడిలో వెయ్యాలో తేల్చుకోలేని తల్లిదండ్రులు నేరుగా ఆవిడ దగ్గరికే వస్తారు.

దానికి కారణం ఉంది. బడి గడప తొక్కకుండానే గుండీలత్త బడి జాతకం చెప్పేస్తుంది. చొక్కా చేతికిస్తే చాలు. కాలరు కొరికి ఉంటే ఆ క్లాసులో పిల్లలు హడలిపోతున్నారు. జేబు చినిగి ఉంటే కొట్లాటలు. మోకాళ్ళ దగ్గర చిల్లులు పడ్డాయా, ఆడుకోనిస్తున్నారు, సంతోషం. ఎడమ చేతి అంచుకు సిరా మరకలున్నాయా, ఎడమచేతి వాటం పిల్లను తిట్టకుండా రాసుకోనిస్తున్నారు, ఇంకా సంతోషం. "ఇన్‌స్పెక్టర్లు ఫైళ్ళు చూస్తారు, నేను కుట్లు చూస్తాను" అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడకు కాస్త గర్వం కూడా ఉంటుంది, లేదని అబద్ధం ఆడను.

వీధి మలుపులో సర్కారు బడి ఒకటి ఉంది. మలుపుబడి అంటారు. నాలుగేళ్ళ కిందట అక్కడి చొక్కాలు పీలికలై వచ్చేవి. తర్వాత కొత్త హెడ్మిస్ట్రెస్ వచ్చింది. పెద్దమేడం అని పిలుస్తారు. ఆవిడ వచ్చి ఏడాది తిరిగేసరికి ఆ బడి బట్టలు చిరగడం ఆగిపోయింది. జేబులు, మోకాళ్ళు, కాలర్లు అన్నీ కొత్తవాటిలా ఉండేవి. ఒక్కటే లోపం. చాతీ మీది రెండో గుండీ మాత్రం వదులై వేలాడుతూ వచ్చేది. ఆడపిల్లల చొక్కాలకైనా, మగపిల్లల చొక్కాలకైనా అదే గుండీ. దారం నాసిరకం అనుకుంది గుండీలత్త. సెలవుల్లో పెద్దమేడం మూడువందల చొక్కాలు పంపి, రెండో గుండీని రెండుపేటల దారంతో కుట్టమంటే కళ్ళు లాగేలా కూర్చుని కుట్టి ఇచ్చింది. "మీ చేతి గుండీ ఊడదండీ" అని మేడం కబురు పెట్టింది. ఆ ముక్క వారం రోజులు వీధంతా చెప్పుకు తిరిగింది మన గుండీలత్త.

అప్పటినుంచీ ఎవరడిగినా ఆవిడ తీర్పు ఒకటే. "మలుపుబడిలో వెయ్యండి. బట్ట చిరగదు, కాలరు నలగదు. పిల్లలు బంగారం." అలా ఆవిడ మాట మీద పంతొమ్మిది ఇళ్ళవాళ్ళు తమ పిల్లలను తీసుకెళ్ళి అక్కడ చేర్చారు.

ఇప్పుడు సొంత మనవరాలి వంతు వచ్చింది. ఐదేళ్ళ పిల్ల, వసపిట్ట. నిద్రలో తప్ప నోరు మూతపడదు. దాని తల్లి, గుండీలత్త కూతురు, ఆస్పత్రిలో నర్సు. పొద్దున్న ఆరింటికల్లా డ్యూటీకి పోవాలి. మలుపుబడి ఫారం మీద సంతకం పెట్టి గుండీలత్త చేతికిచ్చింది.

"బడి చూసి, ఫారం ఇచ్చెయ్యమ్మా. పన్నెండింటి దాకే తీసుకుంటారట. ఈ సీటు పోతే ఇంక రైలుగేటు బడే. రెండు బస్సులు మారాలి. రోజూ ఎవరు దింపుతారు?"

"నేను చెప్పిన బడిని మళ్ళీ నేను చూసేదేముందే?" అంది గుండీలత్త. అయినా కొత్త చెప్పులేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

బడి లోపల అడుగు పెట్టగానే ఆవిడకు వినిపించింది గోడగడియారం చప్పుడు. వరండా పొడుగునా తలుపులన్నీ తీసే ఉన్నాయి, లోపల మూడువందల మంది పిల్లలున్నారు, ఆవిడ చెవికి మాత్రం గడియారం టిక్కు టిక్కుమని కొట్టుకోవడమే వినిపిస్తోంది. ఫినాయిల్ వాసన. గోడలకు కొత్త రంగు. ఆ రంగు మీద ఒక్క చేతి మరక లేదు. పిల్లలు నడిచే ఎత్తులో గోడ అంత శుభ్రంగా ఉండటం ఆవిడ ఎక్కడా చూడలేదు.

బడి చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు ఓ పాతికమంది వరండాలో లైను కట్టి ఉన్నారు. ఓ టీచరమ్మ వచ్చి, "పాపను కాసేపు ఒకటో క్లాసులో కూర్చోబెడదామండీ, అలవాటవుతుంది. పక్కన మూడో క్లాసు అమ్మాయి ఒకతి ఉంటుంది, అన్నీ చూపిస్తుంది" అని వసపిట్టను తీసుకెళ్ళింది. పిల్ల ఆవిడకు తన కొత్త రిబ్బను సంగతి చెబుతూనే లోపలికి పోయింది. తలుపు దాటాక ఆ గొంతు వినిపించలేదు.

పెద్దమేడం స్వయంగా వచ్చి అందరినీ రెండో క్లాసు గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. మెత్తని మనిషి, మెత్తని మాట. గుమ్మంలో పెద్దవాళ్ళ నీడ పడగానే నలభై మంది పిల్లలు తలలెత్తారు. నలభై కుడిచేతులు లేచి చాతీ మీదికి వెళ్ళాయి. బొటనవేలు, చూపుడువేలు రెండో గుండీని పట్టుకుని మెల్లగా మెలితిప్పడం మొదలుపెట్టాయి. ఒక్కరి పెదవీ కదల్లేదు. కళ్ళు మాత్రం గుమ్మంవైపే. అలా కొంతసేపు తిప్పి, అందరూ ఒక్కసారే చేతులు దించారు.

గుండీలత్త గుమ్మంలోకి వంగి చూసింది. ఆ గుండీలు తను కుట్టినవే. రెండుపేటల దారం, వెనక తన ముడి.

"ఇది మా పద్ధతండీ" అంది పెద్దమేడం. "మాట్లాడాలనిపించినా, లేవాలనిపించినా, ఏడవాలనిపించినా గుండీ పట్టుకుని మనసులో పది లెక్కపెట్టుకోవాలి. అప్పటికీ ఉంటే మళ్ళీ పది. చాలామందికి రెండో పదికల్లా పోతుంది."

"ఏం పోతుంది మేడం?" అంది గుండీలత్త.

"అనిపించడం" అంది మేడం, చిరునవ్వుతో. వెనకనున్న తల్లిదండ్రులు మెచ్చుకోలుగా తలలూపారు. ఒకాయన ఫోనులో రాసుకున్నాడు కూడా.

ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలు వరసగా ఆవరణలోకి వచ్చి నడిచారు, ఒకరి వెనక ఒకరు. జారుడుబల్ల మీద దుమ్ము పేరుకుని ఉంది, దాని మీద ఒక్క గీత లేదు. ఓ పిల్ల కాలు మడతపడి గచ్చు మీద పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం వచ్చింది. పిల్ల ఏడవలేదు. కూర్చున్నచోటే గుండీ పట్టుకుంది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వలేదు, లేవదియ్యలేదు, వాళ్ళూ గుండీలు పట్టుకుని నిలబడిపోయారు. గుండీలత్త ఆగలేక వెళ్ళి పక్కన కూలబడింది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

పిల్ల ఆవిడవైపు చూసింది. లెక్క పూర్తయ్యేదాకా జవాబు చెప్పలేదు.

"పోయింది" అంది. లేచి, రక్తం కారుతున్న కాలితోనే వరసలో కలిసింది.

ముప్ఫై ఏళ్ళు కుట్లు చూసిన మనిషి. చిరగని బట్టను చూసి మురిసిపోయింది తప్ప ఎందుకు చిరగలేదో ఒక్కరోజు అడగలేదు. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అరగంటకు వసపిట్టను తెచ్చి అప్పజెప్పారు. పిల్ల గౌనుకు గుండీలు వెనకవైపు ఉంటాయి. అందుకని చాతీ మీద గుడ్డనే ముడిచి రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. "ఎలా ఉందే?" అంటే అమ్మమ్మ మొహంలోకి చూసి ఊరుకుంది.

ఫారాలు తీసుకునే బల్ల ముందు ఇంకా ఆరుగురున్నారు. గుండీలత్త వెనక పచ్చచీరలో పాలబూతు నడిపే ఆవిడ, చంకలో చిన్నకూతురు. ఆవిడ పెద్దకూతురు రెండేళ్ళుగా ఇక్కడే చదువుతోంది, గుండీలత్త చెప్పిన మాట మీదే.

"నేను తప్పు చెప్పానమ్మా" అంది గుండీలత్త వెనక్కి తిరిగి. "ఈ బడి వద్దు. చిన్నదాన్ని వెయ్యకు. పెద్దదాన్నీ తీసెయ్."

"అదేంటత్తా అలా అంటారు? చేర్చకముందు మా పెద్దది ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు. ప్రాణానికి హాయిగా ఉంది. అదంతా మీ చలవే."

గుండీలత్త ఫారం మడిచి సంచిలో పెట్టుకుని లైను లోంచి తప్పుకుంది. రెండు బస్సులు కాదు, నాలుగు మారాల్సి వచ్చినా తనే దింపుతుంది, మిషన్ మూతపెట్టైనా సరే. పాలబూతు ఆవిడ ఒక అడుగు ముందుకు జరిగింది.

రోడ్డు మీద ఎండ మండుతోంది. వెళ్ళేటప్పుడు ప్రతి బోర్డూ చదివి, ప్రతి కుక్కకూ పేరు పెట్టిన పిల్ల ఇప్పుడు గుడ్డ పట్టుకుని కిందికి చూస్తూ నడుస్తోంది. బస్టాపు దాటారు. మందులషాపు దాటారు. గుండీలత్త ఇంక తట్టుకోలేక, నడిరోడ్డు అని కూడా చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల భుజాలు పట్టుకుంది.

"ఏదో ఒకటి మాట్లాడవే. నీకు దణ్ణం పెడతాను."

"ఇక్కడ మాట్లాడొచ్చా?" అని అడిగింది పిల్ల, గొంతు తగ్గించి.

"ఎక్కడైనా మాట్లాడొచ్చు."

పిల్ల అటూ ఇటూ చూసింది. అమ్మమ్మ చెవి దగ్గరికి వచ్చింది. "నా పక్కన కూర్చున్న అక్క ఒకటి చెప్పింది. పెదాలు కదపకుండా చెప్పింది. లైన్లో పచ్చచీర వాళ్ళమ్మంట. వాళ్ళ చెల్లిని ఇక్కడ చేర్చొద్దని చెప్పమంది. ఎన్ని పదులు లెక్కపెట్టినా అది పోవట్లేదంట."

పన్నెండింటికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. గుండీలత్త పిల్లను ఎత్తుకుని వెనక్కి పరుగెత్తింది. ఆ వయసులో అంత బరువుతో ఎలా పరుగెత్తిందో ఆవిడకే తెలియదు. కొత్త చెప్పు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది.

పాలబూతు ఆవిడ గేటు లోంచి బయటికి వస్తూ ఎదురైంది. చేతిలో సీటిచ్చిన కాగితం. మొహం వెలిగిపోతోంది. "దొరికిందత్తా, ఆఖరి సీటు. మీరు వదిలేసినదే మాకొచ్చింది."

గుండీలత్త గేటు పట్టుకుని, రొప్పుతూనే, ఆ పిల్ల చెప్పమన్న మాట చెప్పమన్నట్టే చెప్పింది.

పాలబూతు ఆవిడ చంకలోని చిన్నదాన్ని కిందికి దించింది. కాగితం చూసింది, బడి కిటికీలవైపు చూసింది.

"మా పెద్దదేనా చెప్పింది? నిజంగా?" అంది. "అది ఇంట్లో నోరు విప్పి ఏడాది దాటిందత్తా."