తూటాల బల్ల దగ్గర రెండో జత కళ్లు

పోయిన ఆదివారం మా అక్క మనవరాలు భోజనానికి వచ్చింది. ఇక్కడికి దగ్గరలోనే ఎమ్మెస్ చదువుతోంది, అపార్ట్‌మెంట్‌లో తన వంట తనకే విసుగు పుట్టినప్పుడల్లా చాండ్లర్‌లో మా ఇంటికి వచ్చేస్తుంది. అన్నంలో పప్పుచారు కలుపుకుంటూ, నిన్న ఫ్రెండ్స్‌తో తుపాకులు పేల్చే షూటింగ్ రేంజ్‌కి వెళ్లొచ్చానని, ఏదో సినిమాకి వెళ్లొచ్చినంత తేలిగ్గా చెప్పింది. నేను గరిటె గిన్నెలో పెట్టేశాను. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ మాట అటుంచి, తూటా కూడా ముట్టుకోకూడదు కదే అన్నాను.

"హంటింగ్ లైసెన్స్ ఉంటే పర్లేదు అమ్మమ్మా. ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. రూల్స్‌లోనే ఉంది, ఎప్పట్నుంచో ఉందట," అని ఇంకాస్త పప్పుచారు పోయమంది.

ఎప్పట్నుంచో ఉందట. ఆ పిల్ల వెళ్లిపోయాక కూడా ఆ ఒక్క మాట నన్ను వదల్లేదు. నాతోపాటు ఆ రోజుల్లో డిపెండెంట్ వీసా మీద ఈ దేశానికి వచ్చిన ఆడవాళ్లు ఇది చదువుతుంటే, నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్లకు తెలిసిన కథే. మిగతా సగం మాత్రం బహుశా మీలో ఎవరికీ జరిగి ఉండదు.

చీరాలలో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. గాజు తలుపుల త్రాసు ముందు ఊపిరి బిగబట్టి తూకం వేయడం నాకు ఇష్టమైన పని, నేను తలుపు మూస్తే తప్ప ముల్లు నిలబడదని పిల్లలు నవ్వుకునేవారు. మావారికి ఇక్కడి చిప్ ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో అవన్నీ వదిలేసి వచ్చాను. నా వీసాకి ఉద్యోగం చేసే హక్కు లేదు. మా అమ్మాయి స్కూలుకి, మావారు ఆఫీస్‌కి వెళ్లిపోయాక, కిటికీ బ్లైండ్స్ సందులోంచి ఎండలో మెరిసే ఖాళీ వీధిని చూస్తూ, రుబ్బురోలులా కదలని పగళ్లు గడపడం ఎలాగో అప్పుడే నేర్చుకున్నాను.

అలాంటి ఒక పగలు, కొరియర్ అతను పక్కింటి పార్శిల్ మా గుమ్మంలో పెట్టి వెళ్లాడు. టిఫిన్ డబ్బా అంత అట్టపెట్టె, ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు. రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని పక్కింటికి మోసుకెళ్లాను. అక్కడ ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, పొడవాటి నెరిసిన జడ, మనం చెప్పేది పూర్తయ్యేదాకా కదలకుండా వినే అలవాటు. గరాజ్‌లో పెట్టె విప్పి చూపించింది. లోపల సీసపు గుండ్లు, చింతగింజల్లా నిగనిగలాడుతూ ఉన్నాయి.

సాయంత్రం మావారికి చెబితే ఆయన ముఖం పాలిపోయింది. "మనం వీసా మీద ఉన్నాం. ఆ డబ్బాలో ఏముందో తెలియక మోశావు, సరే. ఇంకోసారి ఆ గరాజ్‌లో దేన్నీ ముట్టుకోకు," అన్నారు. మర్నాడు కంపెనీ లాయర్‌ని అడిగితే ఆయన కూడా అదే అన్నాడట. తుపాకీ, తూటా, తూటాలోకి వెళ్లే మందు, ఏదీ చేత్తో తాకకూడదు, చూడటం మాత్రం నేరం కాదు. వేట లైసెన్స్ సంగతి ఆయనకు తెలియదో, అడిగినంతకే జవాబిచ్చాడో, ఇప్పుడు అడగడానికి ఆయన ఎక్కడున్నాడో కూడా నాకు తెలియదు.

ఈ కబురు పెద్దావిడకు చెప్పి, ఇక రానని చెప్పడానికే వెళ్లాను. ఆవిడ అంతా విని, చూడొచ్చా అని అడిగింది. చూడొచ్చన్నాను. "అయితే నాకు కావలసింది అదే," అంది.

అప్పుడు చెప్పింది తన సంగతి. ఆవిడ దగ్గర మాగ్నమ్ అనే బలమైన రకం రివాల్వర్ ఒకటి ఉండేది, అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కిందికి వాలిపోయేంత బరువైనది. ఏటా చలి మొదలయ్యాక భార్యాభర్తలిద్దరూ ఎడారిలోకి అడవిపందుల వేటకు వెళ్లేవారు. దానికి కావలసిన తూటాలు ఇంట్లోనే నింపుకునేవారు, ఖాళీ ఇత్తడి గొట్టాలు కడిగి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ బిళ్ల దిగ్గొట్టి, మందు కొలిచి పోసి, పైన గుండు బిగించి. ఆ బల్ల దగ్గర వాళ్ల కట్టుబాటు ఒక్కటే. ఒకరు మందు పోయాలి, ఇంకొకరు చూడాలి. భర్త చనిపోయాక ఆవిడ బల్లమీద దుప్పటి కప్పేసింది. ఆ తర్వాత జారిపడి మణికట్టు విరిగింది. కొట్లో కొన్న మాగ్నమ్ తూటా పేలిస్తే ఆ దెబ్బకు చెయ్యి భుజందాకా జివ్వుమంటోందట. మెత్తటి తూటా తయారుచేసుకుంటే మళ్లీ ఎడారికి వెళ్లగలననే ఆశ ఆవిడది. ఆ ఆశతోనే గుండ్లు తెప్పించుకుంది గానీ, పోస్తుంటే చూసే మనిషి లేదు.

అలా నేను ఆ గరాజ్‌లో ఎత్తు స్టూలు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని, కూర్చోవడం మొదలైంది.

ముందు మందు ఎంచుకోవాలి. షెల్ఫ్ మీద మూడు రకాల డబ్బాలుండేవి. ఒకటి ఇసుకలా సన్నటిది, నిదానంగా కాలేది, గొట్టం నిండా పోస్తే ఘోరమైన బలం. బలం తగ్గించాలని కాస్త తక్కువ పోద్దామా అంటే అది కుదరదు, ఆ రకం మందు తక్కువైతే ఎలా కాలుతుందో చెప్పలేమని, తగ్గించవద్దని తయారీదారుల పుస్తకంలోనే రాసి ఉంది. రెండోది చురుగ్గా కాలేది, చిటికెడు చాలు, దెబ్బ మెత్తగా ఉంటుంది. కానీ ఆ చిటికెడు గొట్టం అడుగున ఎక్కడో ఉంటుంది, పరధ్యానంలో రెండోసారి పోసినా కంటికి ఆనదు, అలాంటి తూటా పేలితే రివాల్వర్ చేతిలోనే బద్దలవుతుంది. మూడోది అటుకుల్లా పొరలు పొరలుగా, తేలిగ్గా, గుల్లగా ఉండేది. కొలత ప్రకారం పోస్తే సగం గొట్టం దాటి కనిపిస్తుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొర్లిపోయి బల్లమీద పడి తానే చెప్పేస్తుంది. నేను మూడోదాన్ని కళ్లతో చూపించాను. ఆవిడ అప్పటికే దాన్ని చేతిలోకి తీసుకుంది.

ఆవిడ పద్ధతులు నాకు మా కాలేజీ ల్యాబ్‌ని గుర్తుకు తెచ్చేవి. బల్లమీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి, మిగతావి షెల్ఫ్‌కి వెళ్లిపోవాలి. పోసేటప్పుడు మాటల్లేవు, రేడియో లేదు. పుస్తకంలో ఉన్న అన్నిటికన్నా చిన్న కొలతతో మొదలుపెట్టి, కొన్నే నింపి, ఎడారికి తీసుకెళ్లి పేల్చి, ఖాళీ గొట్టాలు తెచ్చి ఎండలో తిప్పి తిప్పి చూసేవాళ్లం. ప్రైమర్ అంచులు చదునైపోయాయా, గొట్టాలు సులువుగా ఊడొచ్చాయా పట్టుకుని లాగాల్సొచ్చిందా, అంటే లోపల ఒత్తిడి మితిమీరిందా అని, ఇవన్నీ చూశాకే తర్వాతి కొలత. వేసవి ఎండలో మందు ఇంకాస్త చురుకెక్కుతుందని ఆ లెక్క కూడా చూసుకునేది. త్రాసు ముల్లు నిలిచిందో లేదో నేను చెప్పాలి. పోయడం అయ్యాక నేను స్టూలు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని వంగితే, ఆవిడ టార్చి పట్టుకునేది. చెక్కదిమ్మెలో నిలబెట్టిన గొట్టాల్లోకి ఒక్కొక్కటిగా చూసి, మందు అన్నిట్లో ఒకే ఎత్తున ఉందని నేను చెబితేనే ఆవిడ గుండు బిగించేది.

ఒకరోజు పోసే మధ్యలో ఫోన్ మోగింది. ఎప్పుడూ తీయని మనిషి, ఆ రోజు కొడుకు ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉందేమో, వెళ్లి మాట్లాడి వచ్చి మళ్లీ పోయడం మొదలుపెట్టింది. చివర నేను వంగి చూస్తుంటే వెనక వరసలో ఒక గొట్టం చీకటిగా కనిపించింది.

"ఆగండి. ఆ మూల దాంట్లో మందు లేదు," అన్నాను.

మందు లేని తూటా పైకి నిరపాయంగా కనిపిస్తుంది గానీ, ఉత్త ప్రైమర్ దెబ్బకి గుండు రివాల్వర్ గొట్టం మధ్యదాకా వెళ్లి ఇరుక్కుపోతుంది. తెలియక ఇంకొకటి పేలిస్తే అంతే సంగతులు. ఆవిడ టార్చి ఆర్పింది. మొత్తం గొట్టాల్లోని మందు తిరిగి డబ్బాలోకి ఒంపేసి, మూత బిగించి, దుప్పటి కప్పి, ఆ రోజుకి చాలన్నట్టు నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి నిమ్మరసం ఇచ్చింది. గ్లాసు అందిస్తూ, "మా ఆయన కూడా అలాగే అనేవాడు. అరిచేవాడు కాదు. ఆగు అనేవాడు," అంది. ఈ దేశానికి వచ్చాక నేను ఒకరికి పనికొచ్చానని నాకు అనిపించిన మొదటి రోజు అది.

చలికాలం మొదట్లో మాకు కావలసిన తూటా కుదిరింది. పుస్తకంలోని పెద్ద కొలత జోలికి పోనేలేదు, మధ్యలోనే ఆగాం. ఎడారిలో, నిలువెత్తు బ్రహ్మజెముడు చెట్ల వెనక మట్టిగట్టుకు గురిపెట్టి ఆవిడ పేల్చింది. చెవులకు శబ్దం ఆపే మఫ్స్ పెట్టుకుని వెనక నిలబడి ఆవిడ మణికట్టునే చూస్తున్నాను. అది కాస్త లేచి, తిరిగి మెల్లగా దిగింది. ముఖంలో నొప్పి లేదు. రివాల్వర్ తెరిచి, ఖాళీ చేసి, బండ మీద పెట్టి, నావైపు తిరిగింది. "నీ గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు ఇక్కడికే వద్దాం. నువ్వు పేల్చు, నేను చూస్తాను."

ఆ ఏడు ఆవిడ వేటకి వెళ్లింది. అడవిపంది దొరకలేదు, తిరిగొచ్చిన మనిషి మాత్రం వేరేగా ఉంది.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. ఫ్యాక్టరీలో లేఆఫ్స్ వచ్చాయి, గ్రేస్ పీరియడ్ దాటితే దేశం వదలాలన్న భయంతో మావారు దొరికిన ఉద్యోగం పట్టుకున్నారు, వేరే రాష్ట్రంలో ఉన్న ఇర్వింగ్‌కి వెళ్లిపోయాం, గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మళ్లీ మొదటికొచ్చింది. ఆవిడ పండగలకి ఫోన్ చేసేది. తూటాలు నింపుతున్నారా అని అడిగితే, చూసేవాళ్లు లేకుండా ఆ పని చేయనని ఒకే జవాబు. నింపి పెట్టుకున్నవి అయిపోయాక ఎడారికి వెళ్లడం కూడా మానేసిందని తర్వాత అర్థమైంది. అటు మా ఫైల్ మాత్రం కదిలేది కాదు. అమ్మాయి హైస్కూల్ దాటి కాలేజీకి వెళ్లింది.

కార్డు చేతికొచ్చిన వారానికే చాండ్లర్ పక్కనే ఉన్న ఫీనిక్స్‌కి ఫ్లైట్ ఎక్కాను. ఆవిడ అప్పటికి వృద్ధుల హోమ్‌లో ఉంది. చేతులు వణుకుతున్నాయి, కళ్లలో పొర కమ్మింది, మనిషిని గొంతుతో గుర్తుపడుతోంది. రివాల్వర్ కొడుకు తన ఊరికి తీసుకెళ్లాడట. షెల్ఫ్ మీది మందు పాతబడి పుల్లటి వాసన వేస్తుంటే పెరట్లో పల్చగా చల్లేశాడట. మాట నిలబెట్టుకోలేకపోయానని ఆవిడే నొచ్చుకుంది. ఇద్దరం నవ్వడానికి ప్రయత్నించాం. చివరికి, నువ్వొక్కదానివే ఎక్కడైనా వెళ్లి పేల్చి రా, వచ్చి నాకు చెప్పు అంది.

వెళ్లాను. ఊళ్లో ఒక రేంజ్‌లో, నేర్పే అమ్మాయి పక్కన నిలబడితే, అద్దె మాగ్నమ్‌లో కొట్లో కొన్న తూటాలు వేసి పేల్చాను. చెవుల్లో హోరు, చెయ్యి మోచేతిదాకా మొద్దుబారింది. పెట్టెలో మిగిలినవి అక్కడే వదిలేసి తిరిగొచ్చి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. ఎలా ఉందని అడిగింది. చెయ్యి నొప్పి పుట్టిందన్నాను. ఆవిడ నా మణికట్టు తడిమి చూసి, "మన మందయితే నొప్పి పుట్టేది కాదు," అంది.

ఆ మరుసటి వేసవి దాటకుండానే ఆవిడ పోయింది. కబురు కొడుకు ఫోన్‌లో చెప్పాడు. నేను ఎవరినో ఆయనకు అంతగా తెలియదు, తల్లి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ చేస్తున్నాడు.

మావారు రిటైరయ్యాక మా అమ్మాయి ఇక్కడే ఉందని మళ్లీ చాండ్లర్ వచ్చేశాం. పాత వీధికి దగ్గర్లోనే ఇల్లు. మేము గట్టుకు గురిపెట్టిన ఎడారి చోట ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీ లేచింది, దాని గేటు పక్కన అలంకారానికి ఒక బ్రహ్మజెముడు చెట్టు నాటారు. పెద్దావిడ ఇంట్లో ఇప్పుడు మన గుంటూరు వైపు దంపతులున్నారు, చిన్నవాళ్లు, మర్యాదస్థులు, సత్యనారాయణ వ్రతానికి పిలిచారు. ప్రసాదం తీసుకుని గరాజ్‌లోంచి బయటికి వస్తుంటే కాళ్లు ఆగాయి. బల్ల ఉన్న గోడకి కారు చార్జర్ వేలాడుతోంది, కింద బియ్యం బస్తాలు. ఆ అమ్మాయి, ఏం చూస్తున్నారు ఆంటీ, అని అడిగింది. నేను ఇక్కడ పనిచేసేదాన్నమ్మా అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు, అయినా గౌరవంగా తలూపింది.

ఇప్పుడు నా దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయి. ఏ కొట్టుకైనా వెళ్లి ఏ డబ్బా అయినా చేత్తో తీసుకోవచ్చు, అడ్డు చెప్పేవారు లేరు. ముట్టుకోకుండా ఉంటే చాలు, కాస్త చూసిపెట్టు అని అడిగే మనిషి మాత్రం ఈ ఊళ్లో లేదు.