విమానం మోతలోనే బాగా ఆడతారట

శంషాబాదుకు విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి నాకు విమానాల మీద కోపం. సాయంత్రం గ్రౌండులో అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటే నెత్తిమీది నుంచి పోతాయి, నా మాట సగం మింగేస్తాయి. ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నా వినేవాడు లేడు.

ఈ రోజూ అంతే. నేను అరుస్తుండగానే విమానం వచ్చింది. మోత తగ్గేసరికి బంతి బుట్టలోంచి కింద పడుతోంది.

"నేను చెప్పింది ఇనకుండనే ఎట్ల ఏసిన్రే?" అని అడిగాను.

మా కెప్టెన్ షబానా నవ్వు ఆపుకుంటూ అంది: "కోపం జేయకుండ్రి సార్. విమానం పోయేటప్పుడే మేం మంచిగ ఆడుతం. మీ ఒర్లుడు ఇనవడదు గద!"

"ఏందే, ఇన్నేండ్ల సంది నేను ఒర్లింది ఒట్టిదేనా?"

"గట్ల కాదు సార్. బాల్ చేతికొచ్చినంక జర ఊకుండ్రి. గంతే."

చూద్దామని విజిల్ జేబులో వేసుకున్నాను. నోరు దురద పెట్టింది. నిలబడలేక గ్రౌండు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అప్పుడు కనబడింది: షబానా తన ఎడమ పక్కనున్న పిల్లకు బంతి ఇవ్వనే ఇవ్వదు. ఇన్నాళ్లూ నా కళ్లకు ఎందుకు ఆనలేదో!

ఆదివారం బుద్వేల్‌లో మ్యాచ్. ఓడితే ఇంటికే. అక్కడ విమానాలు ఇంత కిందుగా పోవు, నా గొంతు మొత్తం వినబడుతుంది. ఇది చదివే మీలో ఆట నేర్పేవాళ్లు ఉన్నారు కదా, ఎప్పుడు అరవాలో ఎప్పుడు నోరు మూసుకోవాలో చెప్పండి. పుస్తకం చూసుకోమనకండి, నాకు చదువు అంతంత మాత్రమే. శనివారం సాయంత్రంలోగా జవాబు కావాలి. లేకపోతే ఆదివారం అరుస్తాను, ఆ పాపం మీదే.