బోర్డు ప్రకారం తోడేలు

మా బావగారిది మ్యూజియంలో జంతువుల దుమ్ము దులిపే ఉద్యోగం. అదే భవనంలో టికెట్లు చింపే ఉద్యోగం నాది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎలుగుబంటి చెవులూ జింక కనురెప్పలూ మెత్తటి బ్రష్షుతో తుడిచి తుడిచి, చచ్చిన జంతువులు ఆయనకు తెలిసినంతగా బతికున్న చుట్టాలు తెలియరు. మా అక్క ఆ మాట ఆయన మొహమ్మీదే అంటుంది. నిజమే కాబట్టి ఆయన నవ్వి ఊరుకుంటారు.

పదకొండేళ్ళ క్రితం హాలుకు రంగులు వేశారు. అద్దాల పెట్టెల మీది పేర్ల బోర్డులన్నీ విప్పి, రంగు ఆరాక మళ్ళీ బిగించారు. ఆ హడావుడిలో తోడేలు బోర్డు దుమ్ములగొండికీ, దుమ్ములగొండి బోర్డు తోడేలుకూ పడ్డాయి. ఒంటినిండా చారలు, ఎత్తైన ముందుకాళ్ళు, కుంగిన వెనకభాగం, పేరు మాత్రం తోడేలు! బావగారు మర్నాడే అర్జీ పెట్టారు. కానీ ఆసరికే ముగ్గురు అధికారులు హాలంతా తిరిగి, "అన్నీ సక్రమం" అని రిజిస్టరులో సంతకాలు చేసేశారు. తిలాపాపం తలా పిడికెడు. ఆ ముగ్గురిలో ఒకాయనే ఇప్పటి క్యూరేటరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. మా మ్యూజియంలో కుందేలు ఇంకా నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉందంటే అది ఆయన దయే.

అర్జీకి జవాబు వచ్చింది: "సందర్శకులకు బోర్డు ప్రకారమే చెప్పవలెను." బావగారు అబద్ధం ఆడలేరు, అలాగని ఉద్యోగమూ వదులుకోలేరు. అందుకని ఎవరేం అడిగినా "బోర్డు ప్రకారం తోడేలండీ" అనడం మొదలుపెట్టారు. పదకొండేళ్ళూ ఆ "ప్రకారం"తోనే నెట్టుకొచ్చారు.

"రిజిస్టరు ప్రకారం నేను పొద్దున తొమ్మిదికే వచ్చాను బావగారూ" అని నేను ఏడిపించేవాణ్ణి.

ఇంట్లో మాత్రం ఆయన ప్రకారాలు పక్కనపెట్టి ఉన్నదున్నట్టు చెప్పేవారు. వినేది ఎనిమిదేళ్ళ మనవరాలు, కూతురి కూతురు. ఆయన నోటి మాట దానికి శిలాశాసనం. మొన్న క్లాసులో టీచరు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే, అది టక్కున "దుమ్ములగొండి, మా తాతయ్య చెప్పాడు" అంది. "కాదు, తోడేలు. నేను మ్యూజియంలో స్వయంగా చూశాను" అన్నారు టీచరు. "మీ తాతయ్య కోతలరాయుడు" అని పిల్లలు గోల చేశారు. "అయితే మా తాతయ్యనే అడుగుదాం రండి" అంది పిల్ల. టీచరు నిజంగానే క్లాసు మొత్తాన్నీ వెంటబెట్టుకొచ్చారు.

బడి నుంచి ఎవరొచ్చినా క్యూరేటరు గారు వెంట తిరగవలసిందే. ఆయన వెనక పిల్లలు, వాళ్ళ వెనక నేను. మా పిల్ల అందరికంటే ముందు నిలబడింది.

"తాతయ్యా, ఇదేంటో వీళ్ళకి చెప్పు."

బావగారు జంతువును చూశారు. తర్వాత క్యూరేటరును చూశారు. రిటైర్మెంటుకు నాలుగు నెలలు ఉంది.

"బోర్డు ప్రకారం..."

"ప్రకారం వద్దు తాతయ్యా. నిజంగా ఏంటి?"

క్యూరేటరు గారు గొంతు సవరించుకున్నారు.

"తోడేలమ్మా."

"మరి ఇంట్లో దుమ్ములగొండి అన్నావుగా?"

"ఇంటి మాట ఇంటి మాటే, ఆఫీసు మాట ఆఫీసు మాటే తల్లీ."

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. క్యూరేటరు గారు ఆయన భుజం తట్టారు. పిల్ల ఏడవలేదు. వెళ్ళి వరసలో అందరికంటే వెనక నిలబడింది. అది దుమ్ములగొండని నాకూ తెలుసు. నా నోరూ పెగల్లేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

మధ్యాహ్నం బావగారు అన్నం ముట్టలేదు. కరెంటు పనివాడి దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, స్టూలెక్కి, జనమంతా చూస్తుండగా రెండు బోర్డులూ విప్పి ఎవరిది వాళ్ళకు బిగించారు. క్యూరేటరు గారు పరుగున వచ్చారు.

"ఎవరి ఉత్తర్వు మీద చేస్తున్నావయ్యా ఈ పని?"

"నా మనవరాలి ఉత్తర్వు మీదండీ. పొద్దున నేను చెప్పింది అబద్ధం. పదకొండేళ్ళుగా మీరు చెప్పిస్తున్నదీ అబద్ధమే."

సాయంత్రానికల్లా బోర్డులు మళ్ళీ రిజిస్టరులో ఉన్న చోటికే వెళ్ళాయి. బావగారు మెమో పుచ్చుకుని గేటు దగ్గర సందర్శకుల సంచులు దాచే గదికి వెళ్ళారు. ఇప్పుడు ఆ చేతులు గొడుగులకూ సంచులకూ టోకెన్లు కడుతున్నాయి. నాకు మాత్రం ఆయన్ని చూస్తే గర్వంగా ఉంది. ఆ మాట ఆయనతోనే అన్నాను.

ఆదివారం మనవరాలు వచ్చింది. ఆయన దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, స్టూలు, స్క్రూడ్రైవరు, మెమో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. "అది దుమ్ములగొండేనమ్మా. అందరిముందూ చెప్పేశాను" అన్నారు.

పిల్ల శ్రద్ధగా వింది. కాసేపు ఆయన మొహంలోకి చూసి, వెక్కిరింతగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"ఇది ఇంటి మాటా, ఆఫీసు మాటా తాతయ్యా?"