ఉల్లంకి అంటే మోటా?

కనకరత్నం ఏడో తరగతిలో బడి మానేసింది. డబ్బు లేక కాదు, ఒక పేరు భరించలేక. ఆమె పొడుగాటి సన్నకాళ్లు చూసి లెక్కల పంతులు ఒకరోజు "లేచి నిలబడవే ఉల్లంకీ" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది.

ఉల్లంకి కొల్లేటి చుట్టుపక్కల బురదలో పురుగులు ఏరుకు తినే పిట్ట. నల్లని రెక్కలు, తెల్లని పొట్ట, ఒంటికి పొంతన లేని ఎర్రని పొడుగు కాళ్లు.

ఇప్పుడామెకు యాభై నాలుగేళ్లు. పెదపాడు దగ్గర వరినాట్లకు వెళ్తుంది, చేపల చెరువు గట్ల మీద గడ్డి కోస్తుంది. ఎండగట్టిన చెరువుల్లో ఉల్లంకి ఎక్కడ గుడ్లు పెడుతుందో, మనిషి దగ్గరికొస్తే రెక్క విరిగినట్టు నటించి ఎలా పక్కకు తీసుకుపోతుందో ఆమెకు తెలిసినట్టు ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

పోయిన వేసవిలో ఏలూరులోని ఒక పక్షుల సంఘం నుంచి అజయ్ అనే ఉద్యోగి వచ్చాడు. ఎనిమిది రోజులు పని మానుకుని మరీ ఆమె అతన్ని బురదలో తిప్పింది. గూళ్లు చూపించింది, పేరు చెప్పింది. అతను రాసుకున్నాడు.

శీతాకాలంలో గట్టు మీద పెద్ద బోర్డు పెట్టారు. ప్రారంభోత్సవం రోజున కనకరత్నం దాన్ని కూడబలుక్కుని చదివింది. ఉల్లంకి బొమ్మ కింద 'పొడుగుకాళ్ల కొంగ' అని, ఆ కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో రెండు పేర్లు ఉన్నాయి.

"ఇది కొంగ కాదండీ" అంది అజయ్‌తో.

"తెలుసండీ. ఉల్లంకి అంటే మోటుగా ఉందని మా పెద్దలు మార్చారు."

"మరి ఆ ఇంగ్లీషు పేరుకు అర్థమేంటండీ?"

"స్టిల్ట్ అంటే కాళ్లకు కట్టుకుని నడిచే పొడుగు కర్రలండీ."

"దాని పక్కన ఏటవాలుగా రాసింది?"

అజయ్ కాస్త తటపటాయించాడు. "అది శాస్త్రీయ నామం. తోలు వారులాంటి కాళ్లని అర్థమండీ."

"కర్రలంటే మోటు కాదు, తోలు వారంటే మోటు కాదు. మేం పిలిచే మాటే మోటా అండీ? నలభై ఏళ్లుగా నన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఒక్కరికీ మోటనిపించలేదు. పిట్టకు రాయడానికి మాత్రం సిగ్గొచ్చిందా?"

సంఘం అధ్యక్షుడు హనుమంతరావు లేచాడు. "తర్వాత మాట్లాడుకుందామమ్మా. కూర్చోండి."

"కూర్చోడానికి నాకు కుర్చీ వేశారా అండీ?"

ఆయన రిబ్బను దగ్గరికి నడిచాడు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీసుకున్నారు, టిఫిను తిని కార్లెక్కారు. ఎనిమిది రోజులు మోకాలిలోతు బురదలో దారి చూపిన మనిషికి కాఫీ ఇచ్చిన నాథుడు లేడు.

పదిరోజుల తర్వాత అజయ్ ఒక పెయింటర్‌ను వెంటబెట్టుకుని ఒక్కడే వచ్చాడు. కొంగను చెరిపించి 'ఉల్లంకి' అని రాయించాడు.

"వివరాలు చెప్పినవారని మీ పేరు కూడా వేయిస్తానండీ" అన్నాడు.

"చోటు లేదండీ" అన్నాడు పెయింటర్. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దల పేర్లే ఏడు వరుసలున్నాయి.

కనకరత్నం ఆ వరుసల కేసి వేలు చూపించింది. అజయ్ కింది రెండు వరుసలు చెరిపేసి అక్కడ ఆమె పేరు రాయమన్నాడు. ఆ మర్నాడే హనుమంతరావు ఫోన్ చేసి అతన్ని నానా మాటలూ అన్నాడు. అజయ్ అన్నీ విన్నాడు, బోర్డు మాత్రం ముట్టుకోలేదు.

ఊళ్లో కొందరు ఆమెను ఇప్పటికీ ఉల్లంకి అనే పిలుస్తారు. ఆమె పలకడం మానేసింది.