బ్యాటరీకి పెట్టిన బొట్టు

ప్రాణమున్నవాటికీ లేనివాటికీ తేడా లేకుండా బొట్టు పెట్టడం మా అత్తకు అలవాటు. పురానాపూల్ దగ్గర మాకు బర్రెల పాడి ఉంది. శుక్రవారం వచ్చిందంటే బర్రెలకు, పాల క్యాన్లకు, ట్రాలీ ఆటోకు, చివరికి ఆ ఆటో బ్యాటరీకి కూడా పసుపు రాసి కుంకుమ పెట్టేది. వైర్లు తగిలించే రెండు బోల్టులకూ సమంగా పెట్టేది, ఒకదానికి తక్కువైతే అలుగుతుందేమో అన్నట్టు. నేను బడిలో పదో తరగతికి సైన్సు చెప్తాను. ఇంట్లో నా సైన్సు ఎవరికి కావాలి గనక, నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ వానాకాలం డ్రైనేజీ పైపుల కోసం మా గల్లీని తవ్వి వదిలేశారు. ఆటో కొట్టం దగ్గరే ఇరుక్కుపోయింది. ఒక మధ్యాహ్నం అత్తకు ఆయాసం లేచింది. పొద్దుటి నుంచి కరెంటు లేదు, ఇన్వర్టరు కూడా చేతులెత్తేసింది. మందును ఆవిరి చేసి పీల్పించే చిన్న మిషను మంచం పక్కన ఉత్తగా పడి ఉంది. అంబులెన్సు వంతెన దాకానే వస్తుందన్నారు. అత్తను గుంతలు దాటించి మోసుకెళ్లడానికి మనుషుల కోసం మా మరిది పరుగెత్తాడు. నాకు కాలు నిలవలేదు. గుమ్మం దాకా వెళ్తాను, ఆమె ఛాతీ ఎగిరెగిరి పడటం చూసి మళ్లీ వెనక్కి వస్తాను.

మిషను వైరుకున్న నల్ల డబ్బా మీద నా చూపు పడింది. స్తంభం నుంచి వచ్చే కరెంటు సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఫ్యానుకు, ఫ్రిజ్‌కు అది సరిపోతుంది. ఫోనుకు, ఈ మిషనుకు మాత్రం ఒకే దిక్కుకు పోయే కరెంటు కావాలి. ఆ నల్ల డబ్బా చేసే పని అదే, ఊగేదాన్ని పన్నెండు వోల్టులకు తగ్గించి ఒక దారిలో పెట్టడం. ఆటో బ్యాటరీ ఇచ్చేది కూడా ఆ పన్నెండు వోల్టులే, అదీ ఒకే దిక్కుకు. అంటే డబ్బాతో పనే లేదు.

మా ఆయన బ్యాటరీ ఊడదీసి తెచ్చాడు. నేను డబ్బా దగ్గర వైరు కోసేశాను. లోపల ఎరుపు, నలుపు తీగలు బయటపడ్డాయి.

"ప్లస్ ఏది?" అని అడిగాను.

"నాకేం తెల్సు? తొందరల గుంజుకొచ్చిన."

లోకల్‌గా కట్టిన బ్యాటరీ అది. గుర్తుకని రెండు రంగు చుక్కలు మాత్రం వేసి ఇచ్చారు. కత్తితో గీకాను. పసుపు, కుంకుమ, గ్రీజు, ఆ చుక్కలు అన్నీ కలిసి ఒకే ఎర్రటి ముద్దగా ఊడొచ్చాయి. బోల్టులు రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఏదో ఒకటి పెట్టవే. ఇంట్ల ప్లగ్గు ఎటు పెట్టినా నడుస్తది కద."

"అది వేరే, ఇది వేరే. ఇది తిరగబడితే మిషను కాలిపోతది. మళ్ల అత్తమ్మకు ఏం పెడ్తవు?"

గ్లాసులో నీళ్లు పోసి ఉప్పు కలిపాను. పాత వైరు ముక్కలు రెండు తెచ్చి, ఒక్కో బోల్టుకు ఒక్కోటి చుట్టి కొసలు నీళ్లలో ముంచాను. ఎక్కువ బుడగలు లేచేది మైనస్. ఏటా పిల్లలకు చూపించే ప్రయోగమే, కానీ బుడగ ఒక్కటీ లేవలేదు.

"అమ్మ అక్కడ పోతాంది, నువ్వు ఈడ గ్లాసు చూసుకుంట కూసో. నీ చదువు తగలెయ్య."

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. ఒకవేళ ఆయన మాటే నిజమైతే? ఈ ఉప్పునీళ్ల ముందు నేను కూర్చున్నంతసేపూ ఆమె ఊపిరి తరిగిపోతోంది. బోల్టుల మీదికి వంగి చూస్తే అప్పుడు కనబడింది, తీగలు ఇనుము మీద కాదు, మిగిలిన కుంకుమ పెచ్చు మీద ఉన్నాయి. కొంగుతో తుడిచి, మెరిసేదాకా గీకి మళ్లీ చుట్టాను. కుడివైపు తీగ చుట్టూ బుడగలు ముసురుకున్నాయి. మైనస్ దొరికింది. మిషను నల్ల తీగ ఆ బోల్టుకు కలిపి, ఎర్రది రెండోదానికి ఆనించాను.

మిషను గుర్రుమంది. తెల్లటి ఆవిరి వచ్చింది. మాస్కు అత్త మూతికి పెట్టి, ఆమె వీపు నా ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆమెను అంత దగ్గరగా ఎప్పుడూ పట్టుకోలేదు. మా ఆయన ఇంకా ఆగలేదు, అటూ ఇటూ తిరుగుతూ ముందే పెట్టుంటే ఏం పోయేదని గొణుగుతూనే ఉన్నాడు.

మెల్లగా ఆమె ఛాతీలో పిల్లికూతలు తగ్గాయి. బయట మరిది, మనుషుల గొంతులు వినబడ్డాయి. అత్త మాస్కు కాస్త పక్కకు జరిపింది. నీళ్లు అడుగుతుందనుకుని వంగాను. ఆమె నావైపు చూడలేదు. అప్పుడే చేతికొచ్చిన ఆ కాస్త ఊపిరినీ కూడదీసుకుని కొడుకుతో అంది.

"పిల్లనెందుకు తిడ్తవ్‌రా."